గుట్ట దగ్గర నాట్యపాఠం

వార్షికోత్సవం నెల రోజులు ఉందనగా బడుల్లో ఒక తంతు మొదలవుతుంది. టీచరు ఫోనులో ఒక సినిమా పాట వెతుకుతారు. తరగతిలో చురుగ్గా ఉన్న ఎనిమిది మందిని ఏరుతారు. ఆ ఎనిమిది మందీ వీడియో చూసి చూసి, తెరమీద చెయ్యి ఎటు తిరిగితే అటే తిప్పి, చివరికి అచ్చు దించేస్తారు. మిగతావాళ్లు కుర్చీలు మోస్తారు. చప్పట్లు మోగుతాయి, అమ్మానాన్నలు వీడియోలు తీసుకుంటారు. పిల్లల సరదాను తప్పుపట్టను. కానీ చూచిరాతలో అక్షరం ఎంత గుండ్రంగా కుదిరినా సొంతంగా ఒక ఉత్తరం రాయడం దానితో రాదు. ఇదీ అంతే.

దానికి బదులు చెయ్యదగ్గ పని ఒకటి ఈ అధ్యాయంలో చెబుతాను. తరగతి మొత్తం కలిసి తమ ఊరి నేలనూ రాళ్లనూ రాతి కట్టడాలనూ చూసి, అందులోంచి పది పన్నెండు నిమిషాల నాట్యాన్ని తామే కట్టుకోవడం. దీనికి కూచిపూడి వచ్చిన గురువు ఉంటే మంచిదే, లేకపోయినా ఆగదు. వారానికి రెండు పీరియడ్లు, ఒక ఎనిమిది వారాలు, ఓపిగ్గా చూసే టీచరు ఒకరు ఉంటే చాలు. తెలంగాణలో, రాయలసీమలో గుట్ట కనపడని ఊరు అరుదు కాబట్టి సరుకు కొనే పనీ లేదు. హెడ్‌మాస్టరుగారిని ఒప్పించడానికి కాగితం ఆధారం కూడా ఉంది: 2020 జాతీయ విద్యా విధానం కళలను పాఠాలతో కలిపి నేర్పమంటోంది.

రాయి అలా ఎందుకైంది?

మొదటి రోజే పిల్లలతో “రాయిలా ఉండండి” అని అన్నారనుకోండి. ముప్పై మందీ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ముడుచుకుంటారు. చెట్టు అంటే రెండు చేతులూ పైకి, నది అంటే చేతులతో అలలు. ఇది వాళ్ల తప్పు కాదు, మనం అడిగింది ఆకారం, వాళ్లు ఇచ్చింది ఆకారం. ఈ పనిలో నేను పట్టుబట్టే విషయం ఒక్కటే. ఆకారాన్ని అనుకరించవద్దు. అది అలా కావడానికి ఏం జరిగిందో తెలుసుకుని, ఆ జరిగినదాన్ని ఆడండి.

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఎంతో లోతున కరిగి ఉన్న పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి అది. పైనున్న పొరలన్నీ కాలక్రమంలో కొట్టుకుపోయాక మీది బరువు తగ్గి, నిలువునా అడ్డంగా పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. రాయి మొగం ఒకవైపు నుంచే నానుతుంది, మూల మాత్రం మూడు వైపుల నుంచీ నానుతుంది. అందుకే మూలలు ముందు అరిగి బండలు గుండ్రబడ్డాయి.

ఒక గుండు మీద ఇంకో గుండు నిలబడి ఉండటం చూసి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న “ఎవరు ఎక్కించారు?” అని. భీముడు ఎక్కించాడనో రాక్షసులు విసిరారనో ఊళ్లో కథ ఉంటుంది. ఆ కథ చెప్పనివ్వండి, మంచి కథ. తర్వాత అసలు సంగతి చెప్పండి. దాన్ని ఎవరూ ఎక్కించలేదు. పై గుండూ కింది గుండూ ఒకప్పుడు ఒకే బండ. వాటి చుట్టూ, వాటి మధ్య ఉన్నది మెత్తబడి పోయింది. ఇవి మిగిలాయి.

ఈ ఒక్క వాస్తవంలోంచే నాట్యం పుడుతుంది. మామూలుగా మనం వేదిక మీదికి ఒక్కొక్కరినీ పంపుతూ గుంపును పెంచుతాం. ఇక్కడ తిరగేయండి. ముప్పై మందినీ భుజం భుజం తగిలేలా ఒకే ముద్దగా నిలబెట్టండి. మధ్యలోంచి ఒక వరుస మెల్లగా వెనక్కి జారాలి, అదే మొదటి పగులు. తర్వాత అడ్డంగా ఇంకో పగులు. అంచుల్లో, మూలల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే కుంగుతూ, దొర్లుతూ బయటికి వస్తారు. కదలకుండా ఉన్నవాళ్లు మాత్రం తమ మధ్య ఖాళీ పెరుగుతున్నకొద్దీ ఒకరి మీద ఒకరు ఒరిగి, ఆనుకుని నిలుస్తారు. నాలుగైదు నిమిషాలయ్యేసరికి నేల మీద మూడు నాలుగు గుండ్లు మిగులుతాయి. వాటిని ఎవరూ తయారు చెయ్యలేదు, చుట్టూ ఉన్నవాళ్లు తప్పుకున్నారంతే.

బయటికి వచ్చినవాళ్ల సంగతేమిటి? వాళ్ల వంతు అయిపోలేదు. గ్రానైట్ అరిగి రాలిందే మన ఎర్ర చెలక. తప్పుకున్న ఇరవై మందీ ఇప్పుడు నేల. వాళ్ల వరుసలు చాళ్లవుతాయి, వంగి నాటడం, కలుపు తీయడం, చాటతో చెరగడం, అన్నీ వాళ్లు ఇంట్లో చూసిన కదలికలే. గుండ్లు వెనక నిలబడి ఉంటాయి, ముందు సేద్యం సాగుతుంది. తరగతిలో ఒక్కరు కూడా కుర్చీలు మొయ్యాల్సిన అవసరం ఉండదు.

మీ ఊరి రాయి గ్రానైట్ కాకపోతే నాట్యం కూడా మారాలి. పెన్నా కోసిన గండికోట లోయలో రాయి అడ్డంగా, మెట్లు మెట్లుగా, అంచులు పదునుగా ఉంటుంది. అక్కడ గుండ్రటి కదలికలు అబద్ధమవుతాయి. తాండూరు బండ, కడప బండ పలకలుగా విడివడతాయి. విశాఖ దగ్గర భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు రాయి కానే కావు, అది ఇసుక. వాన కోసిన వాగుల వంకర తప్ప అక్కడ స్థిరంగా నిలిచేది తక్కువ. ఏది ఉంటే అదే తీసుకోండి. పక్క జిల్లా గుట్ట ఫోటో చూసి చేస్తే మళ్లీ చూచిరాతే.

గుట్టకు వెళ్లే రోజు

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే బండ కాలుతుంది. ముందురోజే మీరొకసారి వెళ్లి తేనెపట్లు ఉన్నాయేమో, పాత క్వారీ గుంతలు ఉన్నాయేమో చూసుకోండి. నీళ్లు నిండిన క్వారీ గుంత ఉన్న వైపుకు పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దని రెండుసార్లు చెప్పండి, తేళ్లకు అదే ఇల్లు. ఇంటి నుంచి అనుమతి కాగితం, నీళ్లు, టోపీ, పది మందికి ఒక పెద్ద. ఇంతే.

అక్కడికి చేరగానే పిల్లలు అరుస్తారు, ప్రతిధ్వని వస్తుందేమోనని. అరవనివ్వండి. ఆ తర్వాత పది నిమిషాలు మాటలు లేకుండా ఒక్కొక్కరు ఒక్కో రాయికి ఎదురుగా కూర్చోవాలి. మొదటి మూడు నిమిషాలు కష్టం, ముసిముసి నవ్వులు, గిల్లుకోవడాలు. అయిదో నిమిషానికి ఎవరో ఒకరు రాతి మీద నీళ్లు జారిన నల్లటి చార కనిపెడతారు. అప్పుడు నోటుపుస్తకం ఇచ్చి రబ్బరు లేకుండా గియ్యమనండి. బొమ్మ కుదిరిందా లేదా అనేది లెక్కలోకి రాదు. చెరపడానికి లేదు కాబట్టి గీసేముందు చూస్తారు.

బొమ్మ పక్కన క్రియాపదాలు రాయించండి. నల్లగా ఉంది, పెద్దగా ఉంది అనే మాటలు వద్దు. ఆనుకుంది, ఒరిగింది, పగిలింది, పొర లేచింది, ఇరుక్కుంది, జారబోయి ఆగింది... ఇలాంటివి. బడికి తిరిగొచ్చాక ఇదే మీ నాట్యానికి నిఘంటువు. ఒక్కో పిల్లవాడు తన జాబితాలోంచి మూడు క్రియలు ఎంచుకుని, వాటిని శరీరంతో చేసి, ఒకదాని వెంట ఒకటి కలిపితే అతని సొంత జతి తయారు. బ్రిటన్ బడుల్లో నాట్యబోధనకు బాట వేసిన రుడాల్ఫ్ లాబన్ (1879–1958) కదలికను బరువు, కాలం, చోటు, ప్రవాహం అని నాలుగు వైపుల నుంచి చూడమన్నాడు. మీరూ అదే అడగండి. “జారబోయి ఆగింది” అన్నదాన్ని బరువుగా చేస్తే ఎలా ఉంటుంది? తేలిగ్గా చేస్తే? ఒక్క ఊపులో చేస్తే? ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు చేస్తే?

బరువు ఎటు పోతోంది

రాతి కట్టడాల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. గుట్టను ఎవరూ కట్టలేదు, గుడిని కట్టారు. కాబట్టి ఇక్కడ అడగాల్సింది, పైనున్న బరువు ఎటు పోతోంది అని.

ఓరుగల్లు కోటలోని కాకతీయుల కీర్తి తోరణాన్నీ, 1591 నాటి చార్మినార్‌నూ పక్కపక్కన పెట్టి చూపించండి. తెలంగాణ రాజముద్రలో తోరణం లోపల చార్మినార్ ఉంటుంది కాబట్టి ఏ ప్రభుత్వ కాగితం తీసినా చాలు. తోరణంలో నిలువు స్తంభాల మీద అడ్డదూలాలు ఉంటాయి. చార్మినార్‌ది కమాను. రెండూ ద్వారాలే అయినా రెంటిలో బరువు నడిచే దారి వేరు. ఇది బోర్డు మీద గీస్తే పిల్లలు ఊ కొట్టి ఊరుకుంటారు. ఒంటితో చేయిస్తే మరిచిపోరు.

సమాన ఎత్తున్న ఇద్దరిని ఆరడుగుల దూరంలో నిలబెట్టి, వాళ్ల భుజాల మీద పొడవాటి వెదురు బొంగు అడ్డంగా పెట్టండి. బరువు నేరుగా కిందికి, మడమల్లోకి దిగుతుంది. నిటారుగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఒకరు మోకాలు కొంచెం వంచగానే బొంగు మొత్తం ఒరుగుతుంది. స్తంభం చేసే పని ఏమిటో అక్కడ అర్థమవుతుంది. పిల్లల మీద పిల్లల్ని ఎక్కించే గోపురాలు మాత్రం వద్దు, దానికి శిక్షణ పొందినవాళ్లు కావాలి.

తర్వాత ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి అరచేతులు ఆనించమనండి. చేతులు విడవకుండా, కాళ్లు మాత్రం కొంచెం కొంచెంగా వెనక్కి జరపాలి. గరుకు నేల మీద, ఒట్టి కాళ్లతో. రెండో అడుగుకే ముఖం మారుతుంది. ఎదుటివాడు తనను తోస్తున్నాడు, తాను తొయ్యకపోతే ఇద్దరూ పడతారు. మూడో అడుగుకు మడమలు వెనక్కి జారడం మొదలవుతుంది. అప్పుడు మరో ఇద్దరిని వాళ్ల మడమల వెనక పాదాలు అడ్డం పెట్టి నిలబడమనండి. జారుడు ఆగిపోతుంది. కమానుకు పక్కన బరువైన కట్టడం ఎందుకుండాలో ఏడో తరగతి పిల్ల అప్పుడు తానే చెబుతుంది.

ఇలా ఒక బడిలో చేయిస్తున్నప్పుడు మడమల వెనక నిలబడ్డ అబ్బాయి చిరాకు పడ్డాడు. “సార్, నేను ఊకెనే నిలబడాల్నా?” అని. ఒక్క క్షణం పక్కకు జరగమన్నాను. కమాను కూలింది, ముందున్న ఇద్దరూ నవ్వుతూ కిందపడ్డారు. వాడు మళ్లీ వచ్చి నిలబడ్డాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే పాదం గట్టిగా ఊని. వేదిక మధ్యలో ఎగిరే పాత్రకూ, ఎవరికీ కనపడకుండా మడమ ఆపే పాత్రకూ విలువ సమానమని ఉపన్యాసం ఇస్తే ఏ పిల్లాడూ నమ్మడు. ఇలా అయితే నమ్ముతాడు.

రాతిలో ఆగిన అడుగు

రామప్ప గుడి గురించి చెప్పకుండా తెలుగునాట ఈ అధ్యాయం ముగించలేం. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. పునాదిలో ఇసుక, శిఖరంలో నీటి మీద తేలే ఇటుకలు, చూరు కింద నల్లరాతి మదనికలు. స్తంభాల మీద నర్తకులు, మద్దెలవాళ్లు. గుడి కట్టిన నలభై ఏళ్లకు గణపతిదేవుడి గజసేనాని జాయప, 1253–54 ప్రాంతంలో, సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం శాస్త్రీయ మార్గానికి, సగం జనంలో ఉన్న దేశి నృత్యాలకు ఇచ్చాడు. పేరిణి, చిందు, కందుకం, దండరాసకం అన్నీ అందులో ఉన్నాయి. ఏడువందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ ఆధారం చేసుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు.

ఆయన చేసిన పనిని చిన్న ఎత్తున పిల్లలూ చెయ్యగలరు. శిల్పంలో ఉన్నది ఒక అడుగు మధ్యలో ఆగిన క్షణం. దాని ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరుగుతుంది? ఒక నర్తకి శిల్పాన్ని ఎంచుకుని మూడు ప్రశ్నలు వెయ్యండి. బరువు ఏ కాలి మీద ఉంది? నడుము ఎటు వంగింది? ఇప్పుడు కదిలితే ఏ కాలు ముందు లేస్తుంది? ఆ భంగిమలో నిలబడి చూస్తే గానీ జవాబు దొరకదు. మామూలుగా ఫోటో కోసం పెట్టే భంగిమకూ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది. శిల్పి చెక్కిన శరీరంలో తరువాతి అడుగు ఎటో దాగి ఉంటుంది. పిల్లలు దాన్ని రకరకాలుగా ఊహిస్తారు. ఒకరి ఊహ ఒప్పు, మరొకరిది తప్పు అని తీర్పు చెప్పకండి. అయిదుగురి అయిదు ఊహలనూ వరుసగా పెట్టండి, ఒక దృశ్యం పూర్తయినట్టే.

రక్షిత కట్టడాల్లో ఎక్కడం, చెక్కడాల మీద చెయ్యి వెయ్యడం, సుద్దముక్కతో గుర్తులు పెట్టడం కుదరదు. 1958 చట్టం ప్రకారం వాటికి నష్టం చేయడం నేరం. చూడటం అక్కడ, ఆడటం బడి మైదానంలో. గుడి ముందు ప్రదర్శన పెట్టాలన్న ఉబలాటం టీచర్లకు ఉంటుంది. నా సలహా అడిగితే వద్దంటాను. అనుమతుల వెంట తిరగడంలోనే ఎనిమిది వారాలూ అయిపోతాయి, పైగా అంత అందమైన గుడి వెనక ఉంటే పిల్లల్ని చూసేదెవరు?

గుడి దూరమైతే ఆదిమ కాలపు రాళ్లయినా సరే. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల దగ్గర దామరవాయిలో రాతి పలకల సమాధులున్నాయి, జనం వాటిని రాకాసి గుళ్లంటారు. ముడుమాల్ రాళ్ల వరుసలకూ సూర్యుడి ఉదయాస్తమయాలకూ పొంతన ఉందని పరిశోధకులు చెబుతారు. దీని నుంచి సైన్సు టీచరుతో కలిసి చేసుకునే పాఠం ఒకటి వస్తుంది. మైదానంలో పన్నెండు మంది నిలువురాళ్లలా నిలబడితే మిగతావాళ్లు తొమ్మిదింటికి, పదకొండింటికి, ఒంటిగంటకు వాళ్ల నీడలను సుద్దతో గీస్తారు. ఆ గీతలే తర్వాత నడిచే దారులు. నాట్యం పొడవు, దిక్కు ఎండ నిర్ణయిస్తుంది.

రాయి కొట్టేవాళ్లను పిలవండి

మీ ఊళ్లో రాయి కొట్టే పెద్దాయన ఉంటారు. ఆయన్ను ఒక పూట బడికి పిలవండి. అతిథికి ఇచ్చినట్టే కుర్చీ వేసి, శాలువా కప్పి, పూట కూలి పోయింది కాబట్టి దానికి తగ్గ పైకం ఇవ్వండి. తరగతిలో ఆ పని చేసే ఇళ్ల పిల్లలు ఉంటే ఆ రోజు వాళ్ల ముఖాలు చూడండి, నేను వర్ణించను.

ఆయన సమ్మెట ఎత్తే తీరులో గొప్ప నాట్యపాఠం ఉంది. భుజాలతో కొట్టరు. బరువు వెనక కాలి మీద నుంచి ముందు కాలికి మారుతుంది, నడుము తిరుగుతుంది, చేతులు చివర వస్తాయి. దెబ్బ పడ్డాక సమ్మెట ఎగిరే ఊపునే మళ్లీ ఎత్తడానికి వాడుకుంటారు. ఒకాయన్ను పిల్లలు “ఎక్కడ కొట్టాలో ఎట్ల తెలుస్తది తాతా?” అని అడిగితే, “రాయి ఎటు చీలుతదో ముందు చూడాలె బిడ్డా. అది సూడకుండ కొడితె చేతులు నొస్తయి, రాయి పగలదు” అన్నాడు. ఆ తర్వాత గంటసేపు నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

సంగీతం కూడా ఆయన దగ్గరే దొరుకుతుంది. ఉలి మీద సుత్తి పడే చప్పుడు, సమ్మెట చప్పుడు, మధ్యలో ఊపిరి. రెండు గులకరాళ్లు, ఒక డప్పు చేర్చితే మీ తాళం సిద్ధం. సినిమా పాట పెడితే పిల్లల కాళ్లు తెలియకుండానే పాత అడుగుల్లోకి వెళ్లిపోతాయి. దుస్తులకు పాత నూలు చొక్కాలు చాలు. అన్నట్టు, వేదిక మీద థర్మకోల్ రాళ్లు పెట్టకండి. 250 కోట్ల ఏళ్ల రాతి ముందు పది నిమిషాలు కూర్చుని వచ్చిన పిల్లల వెనక థర్మకోల్ పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

ఏం అడగాలి

సాధన సమయంలో “బాగుంది”, “బాగాలేదు” అనే రెండు మాటలనూ పక్కన పెట్టండి. ఆ మాట విన్న పిల్లవాడు తన పనిని వదిలి మీ ముఖం చూడటం మొదలుపెడతాడు. “నీ బరువు ఎక్కడుంది?”, “ఇక్కడ ఎందుకు ఆగావు?”, “గుట్ట మీద దీన్ని ఎక్కడ చూశావు?” అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు లేని కదలిక సాధారణంగా ఏదో వీడియోలోంచి వచ్చినదే అయి ఉంటుంది, వాళ్లే నవ్వి తీసేస్తారు.

మార్కులు తప్పదంటే అందానికి వెయ్యకండి. ఈ నాట్యంలో తాను తీసుకున్న ఒక నిర్ణయం ఏమిటో, ఎందుకు తీసుకున్నాడో ప్రతి పిల్లవాడూ నాలుగు వాక్యాల్లో చెప్పాలి. దానికి వెయ్యండి. నాట్యం రాదని వెనక బెంచీలో కూర్చునే పిల్లలు కదలకుండా నిలబడటంలో, బరువు ఆపడంలో ముందుంటారు. వాళ్లకు మొదటిసారి మంచి మార్కులు పడటం చూస్తారు.

తల్లిదండ్రుల్లో కొందరు ప్రదర్శన చూసి “ఇదేం డాన్సండీ, పాటే లేదు” అంటారు. వాదించకండి. పిల్లలనే వివరించమనండి, వాళ్లు వివరించగలరు.

ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యొద్దు. ఈ ఆదివారం పొద్దున్నే, పిల్లలు లేకుండా, మీరొక్కరే మీ ఊరి గుట్టకు వెళ్లి ఒక బండ ముందు అరగంట కూర్చోండి. ఫోను ఇంట్లో వదిలెయ్యండి. నోటుపుస్తకం తీసుకెళ్లండి, రబ్బరు వద్దు. మీ జాబితాలో పది క్రియాపదాలు రాసుకుని వచ్చాకే పిల్లలకు అనుమతి కాగితాలు పంచండి.